ఫార్మాట్ చేయకముందే పాత హార్డ్ డిస్క్‌ను బీరువాలో పెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. పరకాలలో మీకు డీటీపీ, శుభలేఖల దుకాణం ఉంది. కంప్యూటర్ 2016లో కొన్నది: ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. రెండు వారాలుగా అప్‌డేట్ సగం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తోంది. మూడుసార్లు బ్లూ స్క్రీన్ పడింది. స్విచ్ వేసిన పావుగంటకు గానీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. చూసిన మెకానిక్ ‘ఫార్మాట్ చేసి విండోస్ 11 వేద్దాం, డీ డ్రైవ్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు’ అన్నారు. తొమ్మిదేళ్ల శుభలేఖలు, అను తెలుగు ఫాంట్లు, ట్యాలీ లెక్కలు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఒప్పుకోవాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే ఒప్పుకోకండి. ఆ మెకానిక్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆయన దృష్టి విండోస్ మీద ఉంది, మీ ప్రాణం డేటా మీద ఉంది. విండోస్ పోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. మీ ఊరి వాళ్ల పెళ్లి పత్రికలు మీ డిస్క్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. 2003 నుంచి హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేసే పనే చేస్తున్నాను. నా దగ్గరికి ‘డేటా పోయింది’ అని వచ్చినవాళ్లలో చాలామందికి అది విండోస్ చెడిపోవడం వల్ల పోలేదు, బాగుచేసే తొందరలో పోయింది. తన ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో యజమానికి తెలియదు, అడగాలని బాగుచేసే మనిషికి తోచదు.

నా చేతుల మీదుగా జరిగినదే చెబుతాను. 2011లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు కంప్యూటర్ తెచ్చారు. జనగామ వైపు ఊళ్లు తిరిగి ఒగ్గు కథలు విని, రాసుకుని, వాటిని అనులో టైపు చేయించుకున్నారు. ‘ఫైళ్లన్నీ కంప్యూటర్ మీదే ఉన్నాయి నాయనా’ అన్నారు. నేను మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ కాపీ చేసి ఫార్మాట్ చేశాను. ఆ కంప్యూటర్‌లో రెండు యూజర్ ఖాతాలున్నాయని నేను చూడలేదు. టైపు చేసిన అమ్మాయి తన ఖాతాలో, తన డెస్క్‌టాప్ మీద అన్నీ దాచింది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు రాత్రులు కూర్చుంటే ఫైళ్లు పేర్లు లేకుండా, వట్టి వరస నంబర్లతో బయటికి వచ్చాయి. మాస్టారు ఒక్కొక్కటి తెరిచి, మొదటి రెండు పంక్తులు చదివి, ఇది ఫలానా కథ అని కాగితం మీద రాసుకుంటూ పోయారు. కొన్ని కథలు మధ్యలోనే తెగిపోయాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒకటే పద్ధతి: కాపీ తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి, యజమానితో ‘అన్నీ ఉన్నాయి’ అనిపించుకున్నాకే డిస్క్‌ను ముట్టుకుంటాను.

ఇంకొక సంగతి. మాస్టారి కంప్యూటర్‌లో ఉన్నది హార్డ్ డిస్క్ కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. ఇప్పుడు అందరూ వాడే ఎస్‌ఎస్‌డీలో, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద రాసుకునే డిస్క్‌లో, చెరిపిన ఫైళ్ల చోటును విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో ఖాళీ చేయిస్తుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌కైనా దాదాపు ఏమీ దొరకదు. హార్డ్ డిస్క్‌లోనైనా క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేస్తే, విండోస్ విస్టా కాలం నుంచి విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాసేస్తోంది. తర్వాత రికవరీ చేసుకోవచ్చులే అన్న ధైర్యం పెట్టుకోకండి.

‘డీ డ్రైవ్‌లో ఉన్నది పోదు’ అన్న మాట సగమే నిజం. మీ సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లో ఉన్నాయి. ఒకే పెంకుటింట్లో రెండు గదుల లాంటివి అవి. ముందు గదికి సున్నం వేస్తే వెనక గదికి ఏమీ కాదు, దూలమే విరిగితే రెండు గదులూ పోతాయి. పైగా విండోస్ వేసేటప్పుడు వచ్చే తెరలో డ్రైవ్‌ల పేర్లు సీ, డీ అని ఉండవు, పార్టిషన్ 1, 2, 3 అని ఉంటాయి. అక్కడ ఒక వరస కింద నొక్కితే డీ డ్రైవ్ పోయినట్టే.

అసలు మీ డేటా డీలో ఎంత ఉంది, సీలో ఎంత ఉంది? డీటీపీ చేసేవాళ్ల విషయంలో ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి వివరంగా చెబుతాను. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఈ మూడూ మామూలుగా సీలోనే ఉంటాయి. వాట్సాప్‌లో కస్టమర్ పంపిన ఫోటోలు డౌన్‌లోడ్స్‌లో పడతాయి. పేజ్‌మేకర్ చాలాసార్లు పెద్ద బొమ్మలను ఫైల్‌లో కలుపుకోదు, ఆ బొమ్మ ఎక్కడుందో దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. మీ శుభలేఖ ఫైల్ డీలో భద్రంగా ఉన్నా, అందులోని వినాయకుడి బొమ్మ డౌన్‌లోడ్స్‌లో ఉంటే, ఫార్మాట్ తర్వాత ఆ చోట మసకబారిన నమూనా మాత్రమే కనిపిస్తుంది. అచ్చుకు పంపాక గానీ అది బయటపడదు. అందుకే కొత్త ఏర్పాటులో డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ పేర్లు పాతవే ఉండాలి. డీ అనే అక్షరం కాస్తా ‘ఈ’ (E) అయితే లింకులన్నీ తెగుతాయి.

ఇక ఫాంట్లు. అను అక్షరాలు యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో అంతటా ఒకేలా చదివే సంకేతాల పద్ధతి) కావు. ఫైల్‌లో నిజానికి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు పోతే ‘చి.ల.సౌ.’ ఉన్న చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. ఫైల్ పాడైందని చాలామంది బెంబేలెత్తుతారు. ఫైల్ బాగానే ఉంటుంది, ఫాంటు మళ్లీ పెడితే తెలుగు వచ్చేస్తుంది. కాబట్టి సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. అయితే 2018 చివర వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి, అందరు యూజర్లకూ అని చెప్పకుండా వేసిన ఫాంట్లు అక్కడికి పోవడం లేదు. అవి మీ యూజర్ ఫోల్డర్‌లో, కంటికి కనిపించకుండా దాచి ఉండే యాప్‌డేటాలో, దాని లోపలి లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో ఉంటాయి. ఈ రెండో చోటు చాలామందికి తెలియదు. రెండు చోట్ల నుంచీ తీసుకోండి.

ట్యాలీ తెరిచి కంపెనీ ఎంచుకునే తెర చూడండి, డేటా ఉన్న దారి అక్కడే కనిపిస్తుంది. చాలా దుకాణాల్లో అది సీలోనే ఉంటుంది. ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ ఒకటి తీయండి, తర్వాత ట్యాలీ మూసేసి డేటా ఫోల్డర్‌ను కూడా కాపీ చేయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, జీఎస్టీ పోర్టల్ యూజర్ పేర్లు కాగితం మీదకు ఎక్కించండి. అను, పేజ్‌మేకర్ వేసిన సీడీలు, వాటి సీరియల్ నంబర్లు ఉన్నాయో లేవో కూడా ఇప్పుడే వెతకండి. అవి దొరక్కపోతే ఫార్మాట్ అన్న మాటే తలపెట్టకూడదు. డేటా ఉండి, దాన్ని తెరిచే ప్రోగ్రామ్ లేకపోతే మీ దుకాణానికి ఆ డేటా ఎందుకూ కొరగాదు.

అసలు జబ్బు విండోస్‌దేనా అన్నది కూడా తేలాలి. ఏనుమాముల మార్కెట్లోని ఒక అడ్తి దుకాణం కంప్యూటర్ ఒకసారి నా దగ్గరికి వచ్చింది. అప్‌డేట్ మొదలవగానే ఆగిపోయేది. అప్పటికే వేరేచోట రెండుసార్లు ఫార్మాట్ చేయించారు, రెండోసారి ఆ పత్తి సీజన్ లెక్కలు పోయాయి. నేను పక్క మూత విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద అల్యూమినియం రేకుల మధ్య తెల్లటి దూది పరుపులా పేరుకుని ఉంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది. బ్రష్‌తో ఆ దూది లాగేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాస్తే అదే విండోస్ మూడేళ్లు పనిచేసింది. మీది ఫ్లెక్సీ, కాగితం దుమ్ము ఉండే దుకాణం, తొమ్మిదేళ్ల మిషను. ముందు మూత విప్పి చూడండి.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో మూడు వరసలు చూడండి. 05 నంబరు ఎదురుగా ఉన్న రీఅలొకేటెడ్ సెక్టర్స్, అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గదుల్లో ఇప్పటికే చెడిపోయి పక్కన పెట్టినవి. సీ5 ఎదురుగా ఉన్న పెండింగ్ సెక్టర్స్, అంటే చదవడానికి డిస్క్ తంటాలు పడుతున్న గదులు. సీ7 ఎదురుగా ఉన్నది డిస్క్‌కు, మదర్‌బోర్డుకు మధ్య డేటా తప్పుగా చేరిన లెక్క. మొదటి రెండూ సున్నా కాకపోతే, ముఖ్యంగా సీ5 రోజురోజుకూ పెరుగుతుంటే, డిస్క్ కాలం దగ్గర పడింది. సీ7 మాత్రమే పెరుగుతుంటే ఎక్కువసార్లు తప్పు సాటా కేబుల్‌దే, కేబుల్ మారిస్తే సరిపోతుంది. పావుగంట నెమ్మదితనం, వెనక్కి వచ్చే అప్‌డేట్, అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్, ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను మొదట అనుమానించేది డిస్క్‌నే. ర్యామ్‌ను కూడా ఒక రాత్రి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో పరీక్షించండి.

డిస్క్‌లో టిక్ టిక్ మని చప్పుడు వస్తున్నా, పెండింగ్ సెక్టర్లు ఉన్నా, చెక్‌డిస్క్ నడపకండి. అది చెడ్డ గదులను పదేపదే చదివించి, బలహీనంగా ఉన్న డిస్క్‌ను ఇంకా అలసిపోయేలా చేస్తుంది. అలాంటి డిస్క్ నుంచి మొదట మీకు ప్రాణమైన ఫోల్డర్లు తీయాలి, మిగతావి తర్వాత.

కాపీ ఎలా చేయాలో చెబుతాను. ఒక మంచి కంపెనీ 1 టీబీ బయటి హార్డ్ డిస్క్ కొనండి. తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌ల జోలికి పోకండి. వాటిలో చాలావాటికి నిజమైన చోటు అందులో పదో వంతు కూడా ఉండదు. కాపీ పూర్తయినట్టే చూపిస్తాయి, ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. మామూలు పెన్‌డ్రైవ్ అయినా ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. పెద్ద ఫ్లెక్సీ ఫైళ్లు, వీడియోలు ఉన్నవాళ్లు ఇది చూసుకోవాలి.

మౌస్‌తో లాగి కాపీ చేయవచ్చు, కానీ వేల ఫైళ్లు ఉన్నప్పుడు మధ్యలో ఒకటి మొరాయిస్తే ఎక్కడ ఆగిందో తెలియదు. నేను విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ ఆదేశం వాడతాను. దానికి ఒక లక్షణం ఉంది. పాడైన ఫైల్ ఎదురైతే, మీరేమీ చెప్పకపోతే, ఒక్కోసారి 30 సెకన్లు ఆగుతూ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. పొద్దున వచ్చి చూస్తే అదే ఫైల్ దగ్గర నిలబడి ఉంటుంది. అందుకే ఆర్ ఆప్షన్‌కు 1, డబ్ల్యూ ఆప్షన్‌కు 1 ఇవ్వాలి: ఒక్కసారి మళ్లీ చూడు, ఒక్క సెకను ఆగు, రాకపోతే ముందుకు పో అని దాని అర్థం. లాగ్ ఫైల్ పెట్టించుకుంటే ఏవి రాలేదో జాబితా దొరుకుతుంది. మిర్ అనే ఆప్షన్ మాత్రం వాడకండి. మూలంలో లేని ఫైళ్లను అది గమ్యంలో చెరిపేస్తుంది. మూలం, గమ్యం తారుమారైతే మీ బ్యాకప్పే పోతుంది.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య పోల్చండి. ఆ బయటి డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి 2016 నాటి శుభలేఖ ఒకటి, నిన్నటిది ఒకటి, మధ్యలోవి నాలుగైదు తెరవండి. ట్యాలీ బ్యాకప్‌ను అక్కడ రీస్టోర్ చేసి చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి. ఈ గంట పని ఎవరూ చేయరు. దయచేసి మీరు చేయండి.

ఇప్పుడు అసలు సలహాకు వస్తాను. మీ కంప్యూటర్‌కు 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్క్‌ను దాని మీదకు క్లోన్ చేయండి, అంటే డిస్క్ మొత్తం ఉన్నది ఉన్నట్టు నకలు తీయండి. పాత డిస్క్‌ను ఊడదీసి, మీద ‘పాతది, తాకవద్దు’ అని కాగితం అతికించి ఇంట్లో బీరువాలో పెట్టేయండి. ఇక మీదట జరిగే రిపేరు అంతా ఎస్‌ఎస్‌డీ మీదే. అక్కడ ఏ పొరపాటు జరిగినా మీ దుకాణం నిన్న ఎలా ఉందో అలాగే బీరువాలో ఉంటుంది. పావుగంట ఎదురుచూపు కూడా పోతుంది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ డీటీపీ పనికి ఇంకా సరిపోతాయి, వాటిని వెనక్కి లాగుతున్నది ఆ పాత హార్డ్ డిస్కే.

దీనికి క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, అంటే కంప్యూటర్ దానితోనే మొదలవుతుంది, విండోస్ అవసరం లేదు. అది మామూలుగా గమ్యం డిస్క్ మూలంతో సమానంగా గానీ పెద్దదిగా గానీ ఉండాలంటుంది. 960 జీబీ అని రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీని 1 టీబీయే అని ఇస్తే తీసుకోకండి. మీ రెండు డిస్క్‌లూ 1 టీబీయే కాబట్టి తెర మీద పరిమాణం చూసి ఏది ఏదో చెప్పలేరు. పాత డిస్క్ మీది మోడల్ నంబరు ముందే కాగితం మీద రాసుకుని, మూలం ఎంచుకునేటప్పుడు అక్షరం అక్షరం సరిచూసుకోండి. అది రెండుసార్లు అడుగుతుంది, రెండుసార్లూ చదివి జవాబివ్వండి. క్లోన్ పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ వైర్లు తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే మొదటిసారి స్విచ్ వేయండి. ఒకే గుర్తింపు ఉన్న రెండు డిస్క్‌లు ఒకేసారి కనిపిస్తే విండోస్ గందరగోళపడుతుంది. మదర్‌బోర్డు మారలేదు కాబట్టి విండోస్ లైసెన్సు మళ్లీ కొననక్కరలేదు.

సీ5 విలువ సున్నా కాకపోతే మామూలు క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు విండోస్‌కు బదులుగా వాడే ఉచిత వ్యవస్థ లినక్స్‌లోని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ తెలిసినవాళ్ల చేత చేయించండి. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, చెడ్డ చోట్లకు చివరన వెళ్తుంది.

ఎస్‌ఎస్‌డీ నుంచి విండోస్ తెరుచుకున్నాక మరమ్మతు. డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ అని విండోస్‌లోనే రెండు మరమ్మతు ఆదేశాలున్నాయి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిజమ్‌తో రీస్టోర్ హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీతో స్కాన్ నౌ నడపండి. ఈ వరసే సరైనది, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ తన దగ్గరున్న మూలప్రతితో పోల్చి సరిచేస్తుంది, ఆ మూలప్రతిని సరిచేసేది డిజమ్. కొన్నిసార్లు ఇంతటితోనే అప్‌డేట్ దారిన పడుతుంది.

పడకపోతే రిపేర్ ఇన్‌స్టాల్. మెకానిక్‌లు దీన్ని ఎక్కువగా చేయరు, ఎందుకంటే ఫార్మాట్ కన్నా ఇది ఎక్కువ సేపు పడుతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 10 ఐఎస్‌ఓ (సెటప్ అంతా ఉన్న ఒకే ఫైల్) దించి, నడుస్తున్న విండోస్‌లోనే దాన్ని రెండుసార్లు నొక్కి తెరిచి, లోపలి సెటప్ నడపండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి కాదు. అలా బూట్ చేస్తే ప్రోగ్రామ్‌లు ఉంచే దారే ఉండదు. సెటప్ చివర ఏమేమి ఉంచాలని అడిగే చోట ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ అనే వరస ఎంపికై ఉండాలి. మీ ఫైళ్లు, ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ అన్నీ ఉన్నచోటే ఉండి, విండోస్ మాత్రం కొత్తగా పరుచుకుంటుంది. ఆ వరస మసకగా ఉండి నొక్కడానికి రాకపోతే అక్కడే ఆగి వెనక్కి రండి. ఐఎస్‌ఓ ఎడిషనో, భాషో మీ దానితో కలవలేదన్నమాట. యూఎస్ ఇంగ్లిష్, ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ అనే తేడా చాలు అది మసకబారడానికి. 32 బిట్, 64 బిట్ కలవకపోయినా అంతే.

మొదలుపెట్టే ముందు సీలో కనీసం 20 జీబీ ఖాళీ చేయండి. విండోస్‌తో రాని యాంటీవైరస్ ఉంటే తీసేయండి. ప్రింటర్, స్కానర్, పెన్‌డ్రైవ్‌లు పీకేయండి. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండాలి, అదే యూపీఎస్ మీద లేజర్ ప్రింటర్ ఉండకూడదు. మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు వెనక్కి వెళ్లి తనను తాను కాపాడుకుంటుంది, కానీ ఆ పరీక్ష పెట్టుకోవడం ఎందుకు? లైన్ పని ఉందని ముందే చెప్పిన రోజు వదిలేయండి. మేడారం జాతర ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు చేతిలో ఉన్న వారంలో కూడా వద్దు, ఆ పనులు అప్పజెప్పాకే పెట్టుకోండి.

విండోస్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’ని దీనితో కలపకండి. అందులో ‘కీప్ మై ఫైల్స్’ అన్నా ఫైళ్లు మాత్రమే ఉంటాయి, బయటి నుంచి వేసిన ప్రోగ్రామ్‌లు పోతాయి. సీడీ లేని పేజ్‌మేకర్ పోయినట్టే.

ఒకవేళ ఈలోగా కంప్యూటర్ అసలు తెరుచుకోకుండా పోతే కంగారుపడకండి. రికవరీ తెర వస్తే స్టార్టప్ రిపేర్, చివరి అప్‌డేట్ తీసేయడం, సిస్టమ్ రీస్టోర్, ఈ వరసలో ప్రయత్నించవచ్చు. అక్కడి కమాండ్ ప్రాంప్ట్‌లో డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు, మీ సీ అక్కడ డీగా కనిపించవచ్చు. కాబట్టి లోపల ఏ ఫోల్డర్లున్నాయో చూడకుండా ఏ ఆదేశమూ ఇవ్వకండి. ఏదీ పనిచేయకపోతే ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ‘ట్రై ఉబుంటు’ నొక్కండి. అది డిస్క్ మీద ఏమీ వేయకుండానే నడుస్తుంది, మీ ఫోల్డర్లు కనిపిస్తాయి, బయటి డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. విండోస్ సరిగా ఆగకపోవడం వల్ల డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటే ఇంకా మంచిది, మనకు కావలసింది చదవడమే. చివరి దారిగా కొత్త విండోస్ వేయవలసి వచ్చినా, సీ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా దాని మీదే కస్టమ్ ఇన్‌స్టాల్ చేస్తే పాత విండోస్, యూజర్ల ఫోల్డర్లు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి చేరతాయి. అది శాశ్వతం కాదు, మామూలుగా పది రోజులకు విండోస్ దాన్ని చెరిపేస్తుంది. మొదటి రోజే అందులోంచి అన్నీ బయటికి తీయండి.

ఇక విండోస్ 11. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవి, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కావాలి. మీది ఆరో తరం. అడ్డదారుల్లో వేసేవాళ్లున్నారు, వేస్తే నడుస్తుంది కూడా. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. దుకాణం బతుకు ఆధారపడిన మిషను మీద అది నేను వేయను. పైగా విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. మీ విండోస్ 10 ఒకవేళ 32 బిట్‌ది అయితే ప్రోగ్రామ్‌లు ఉంచుకుంటూ 11కు వెళ్లే దారే లేదు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ కాలం నాటి సెటప్‌లు నడవవు కాబట్టి, మరీ పాత సీడీలు ఉన్నా పనికిరాకపోవచ్చు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉంది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, సెట్టింగులు ఆ ఖాతాకు బ్యాకప్ అయ్యేలా పెడితే డబ్బు కట్టకుండానే చేరవచ్చు. మీ రిపేర్ ఇన్‌స్టాల్ అయ్యాక చేయవలసిన మొదటి పని అదే. ఆ గడువు దాటాక పాత మిషను పేజ్‌మేకర్, అను పనికే ఉంచి నెట్ తీసేయండి. మెయిల్, జీఎస్టీ, బ్యాంకు పనులకు కొత్తది చూసుకోండి.

మీ అమ్మాయి బీటెక్ ల్యాప్‌టాప్ గురించి కూడా ఒక మాట అడిగారు. చాలా కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతట అదే తాళం (ఎన్‌క్రిప్షన్) వేసుకుని ఉంటుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా వేసిన చాలా మిషన్లలో ఇది చెప్పకుండానే మొదలవుతుంది. బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే తొలి ప్రోగ్రామ్) మార్చినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్క్ బాగున్నా డేటా రాదు, ఎవరూ తీయలేరు. ఆమె మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని ఈరోజే కాగితం మీద రాసిపెట్టమనండి.

బయటి డిస్క్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నా దగ్గరికి తడిసిన సీపీయూలు వరసగా వచ్చాయి. నయీంనగర్ నాలా పక్క దుకాణం ఆయన బ్యాకప్ శ్రద్ధగా తీసేవారు. ఆ డిస్క్‌ను అదే టేబుల్ కింది సొరుగులో పెట్టేవారు. రెండూ ఒకే బురదలో దొరికాయి. మీ కంప్యూటర్ దుకాణంలో ఉంటే బ్యాకప్ ఇంట్లో ఉండాలి, అటక మీదైనా సరే. నడుస్తున్న నెల పని ఫైళ్లు, ట్యాలీ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి, ఉచితంగా ఇచ్చే 15 జీబీ వాటికి చాలు.

ఈ సాయంత్రం దుకాణం మూసే ముందు రెండు పనులు చేయండి. రెండు ఫాంట్ ఫోల్డర్లనూ, ట్యాలీ బ్యాకప్‌నూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి 05, సీ5, సీ7 ఎదురుగా చివరి గడిలో ఉన్న అంకెలను ఫోటో తీసి పంపండి. అవి మామూలు అంకెల్లో కాక హెక్సా పద్ధతిలో ఉంటాయి కాబట్టి మీరు లెక్కకట్టకుండా ఉన్నవి ఉన్నట్టే పంపండి. వాటిని చూశాక నేరుగా క్లోన్‌కు వెళ్లాలో, ముందు శుభలేఖల ఫోల్డర్ ఒక్కటే బయటికి లాగాలో చెబుతాను.